చిన్న రైతుకూ గూడ్సు రైలు

మా అనంతపురం పేరు చెబితే ఎవరికైనా కరువే గుర్తుకొస్తుంది. కానీ బోరు నీళ్ళ మీదే చీనీ, అరటి, బొప్పాయి, కర్బూజ పండించి ఢిల్లీ దాకా పంపే జిల్లా కూడా ఇదే. హాస్టల్లో ఉండే మాలో చాలామందికి తోటల్లేవు. మా అమ్మానాన్నలు ఆ తోటల్లో కోతకు పోయే కూలీలు. కాయ రేటు పడిపోతే మొదట ఆగిపోయేది కోత కూలే. అందుకని పండ్ల రైలు గురించి రాసే హక్కు మాకూ ఉందనుకుంటున్నాం.

2020 సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కు కిసాన్ రైలు బయలుదేరింది. దక్షిణ భారతదేశంలో అదే మొదటి కిసాన్ రైలు. మూడు వందల టన్నులకు పైగా పండ్లు ఎక్కాయి. ఆజాద్‌పూర్ మండీ ఆ స్టేషన్‌కు దగ్గరే. అందరూ రైలు వేగాన్ని మెచ్చుకున్నారు. మాకు నచ్చింది మాత్రం వేరే. ఇంత సరుకు ఉంటేనే ఎక్కించుకుంటాం అనే షరతు అందులో లేదు. ఎవరి సరుకు వాళ్ళు, ఎన్ని పెట్టెలుంటే అన్ని పంపుకునే వీలుండేది.

ఇది చిన్న విషయం కాదు. రైల్వేకు లాభం రేక్ మొత్తం ఒకే సరుకుతో నిండినప్పుడే. బొగ్గుకూ, సిమెంటుకూ అది కుదురుతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు ఎగుమతి అరటి కూడా అలాగే శీతల కంటైనర్లలో వెళ్ళింది. రెండెకరాల చీనీ రైతు రేక్ ఎక్కడ నింపగలడు? తోట దగ్గరికొచ్చిన వ్యాపారి సూటు పేరిట టన్నుకు ఇంత అని తీసేసినా ఒప్పుకోక తప్పదు.

2020 అక్టోబర్ 14 నుంచి కిసాన్ రైళ్ళలో పండ్లు, కూరగాయల ఛార్జీలో సగం ఆపరేషన్ గ్రీన్స్ పథకం కింద కేంద్రం భరించింది. అయితే అది గడువున్న పథకం. నష్టానికి రైలు నడపాలా అని మా క్లాసులోనే కొందరు వాదించారు. రైల్వే ఎందుకు నష్టపోవాలి, ప్రభుత్వం ఇవ్వాలి అన్నాం మేము. లారీలు తిరిగే రోడ్లకు ప్రభుత్వం డబ్బు పెడితే దాన్నెవరూ సబ్సిడీ అనరు కదా!

అమెరికాలో చిన్న ఊళ్ళను పెద్ద రైలు మార్గాలతో కలిపే చిన్న గూడ్సు కంపెనీలు ఆరు వందల దాకా ఉన్నాయి. అవి ట్రాక్ మరమ్మతుకు పెట్టే ఖర్చులో సగాన్ని, మైలుకు 3,500 డాలర్లు మించకుండా, పన్నులో తగ్గించే చట్టం 2004లో వచ్చింది. అదీ ఏళ్ళ తరబడి గడువు పొడిగిస్తూ నడిచిందే. 2020 డిసెంబర్‌లో దాన్ని శాశ్వతం చేశారు. 2023 నుంచి సగానికి బదులు 40 శాతం ఇస్తున్నారు, కానీ వచ్చే ఏడాది ఉంటుందా అనే భయం పోయింది.

చీనీ మొక్క కాపుకు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. కాపు వచ్చేసరికి రైలు ఉంటుందో లేదో తెలియని రైతు మొక్క నాటేటప్పుడే లారీ బాడుగ లెక్క వేసుకుంటాడు. రైలు సబ్సిడీ గడువు కనీసం ఆ నాలుగైదేళ్ళయినా ఉండాలని మా కోరిక.