కాంటెస్సాకి కొత్త బ్యాటరీ

మాది తుమ్మలపల్లె అని చెప్తే బెంగుళూరు ఆఫీసులో ఎవరికీ తెలియదు. "పులివెందుల దగ్గర యురేనియం గని ఉంది చూడండి, అదే" అంటే మాత్రం "ఓహో" అంటారు. మా నేల కింద 49 వేల టన్నుల యురేనియం ఖాయంగా ఉందనీ, అది లక్షా యాభై వేల టన్నుల దాకా తేలొచ్చనీ 2011లో అప్పటి అణుశక్తి కమిషన్ ఛైర్మన్ శ్రీకుమార్ బెనర్జీ ప్రకటించినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. పేపర్లో ఊరి పేరు చూసి కత్తిరించి దాచుకున్నా. అంత కరెంటు కాళ్ల కింద పెట్టుకున్న ఊళ్లో మా ఇంటి కారు 12 వోల్టుల బ్యాటరీ లేక కదలకుండా నిలబడిపోయింది. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నా.

కారంటే మామూలు కారు కాదు, కాంటెస్సా. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1984 నుంచి 2002 వరకు తయారు చేశారు. ఇంగ్లండులో వాక్స్‌హాల్ కంపెనీ పక్కన పెట్టేసిన ఒక మోడల్‌ని తెచ్చుకుని, మొదట అందులో అంబాసిడర్ ఇంజనే పెట్టారు. ఏనుగుకి మేక గుండె పెట్టినట్టుండేదట. తర్వాత జపాన్ ఇసుజు వాళ్ల 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్ వచ్చాక బండికి ప్రాణం వచ్చింది. పొడుగాటి బానెట్, వెడల్పాటి ఒళ్లు చూసి మనవాళ్లు దాన్ని ఇండియా మజిల్ కార్ అంటారు. అమెరికా వాళ్లు వింటే నవ్వుతారనుకోండి. 1964 నాటి పాంటియాక్ జీటీఓకే 325 హార్స్ పవర్. మా కాంటెస్సాకి 88. అయినా చీనీ తోట మొదటిసారి బాగా కాసిన ఏడు నాయన దాన్ని సెకండ్ హ్యాండులో కొని ఊళ్లోకి తెస్తే, రచ్చబండ దగ్గర పేకాట ఆగిపోయింది. నాకు బాగా గుర్తు.

ఇప్పుడు అసలు సంగతి. 2020 తర్వాత మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేక నాయన కారు తీయడం బాగా తగ్గించాడు. తోటకి టీవీఎస్ మోపెడ్ మీదే. నేను నెలకో, రెండు నెలలకో ఒకసారి వెళ్లినప్పుడు మాత్రం కారు తీస్తాం. సెల్ఫ్ కొడితే టక్ మని ఒక్క శబ్దం, అంతే. ట్రాక్టర్ దగ్గరికి తెచ్చి, దాని బ్యాటరీకి వైర్లు తగిలించి స్టార్ట్ చేసుకోవడం మాకు పండగ ఆచారం లాగా అయిపోయింది. నాలుగేళ్లలో రెండు బ్యాటరీలు మార్చాం. రెండోసారి ఇంకా పెద్దది వేయించాం. అదీ అంతే. నాయన పులివెందుల వెళ్లి అంగడాయన్ని నలుగురి ముందు నానా మాటలూ అని వచ్చాడు.

2024 శ్రావణమాసంలో ఒక రాత్రి రెండింటికి మా జేజికి ఊపిరి ఆడలేదు. నాయన కారు దగ్గరికి పరిగెత్తాడు. టక్. ట్రాక్టరేమో తోట దగ్గర ఉంది. పక్కింటి వాళ్ల బొలెరోలో పడుకోబెట్టి ముందు పులివెందులకి, అక్కడినుంచి కడపకి తీసుకుపోయారు. జేజి బతికింది. ఇప్పుడు మళ్లీ రోలు ముందేసుకుని వక్కాకు దంచుకుంటోంది. కానీ ఆ బొలెరో వాళ్లని నిద్ర లేపి, తాళాలు వెతికి, బయల్దేరేసరికి ఇరవై నిముషాలు పోయాయి. ఆ ఇరవై నిముషాల గురించి నాయన ఎప్పుడూ మాట్లాడలేదు. వారం తర్వాత ఫోన్లో మాత్రం, "పాత ఇనుమోళ్లకిచ్చేస్తాండా దాన్ని" అన్నాడు.

"ఆగు నాయనా, నేనొచ్చి మంచి బ్యాటరీ ఏపిస్తా" అన్నా.

సాఫ్ట్‌వేర్ వాడికి ఒక పని చెప్తే ముందు ఏం చేస్తాడు? ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. నేనూ అదే చేశా. ఒక వారం రాత్రుళ్లు కూర్చుని ఇంటర్నెట్లో ఉన్నదంతా చదివేశా. పాత కార్లకి బ్యాటరీ ఎలా ఎంచుకోవాలో రాసేవాళ్లు ఎక్కువగా అమెరికా వాళ్లే. వాళ్లు ముందు చూడమనేది సీసీఏ. అంటే చలిలో సెల్ఫ్ తిప్పే శక్తి. సున్నాకి 18 డిగ్రీలు కింద, 30 సెకన్ల పాటు ఎంత కరెంటు ఇవ్వగలదో కొలుస్తారు. కడప జిల్లాలో మైనస్ 18! మా ఊళ్లో ఐస్‌క్రీము కూడా ఆ చలి చూసి ఉండదు. మన సమస్య చలి కాదు, ఎండ. మే నెలలో బయటే 45 డిగ్రీలుంటే బానెట్ కింద ఎంత ఉంటుందో ఊహించుకోండి. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపల రసాయనాల పని ఇంచుమించు రెండింతలు వేగంగా జరుగుతుంది, అరుగుదల కూడా దానితోపాటే. అక్కడి వాళ్లు "ఐదేళ్లు గ్యారంటీగా వస్తుంది" అని రాసినదాన్ని మనం సగం చేసి చదువుకోవాలి.

తర్వాత ఏజీఎం రకం. గాజు పీచులో యాసిడ్ పీల్చి పెట్టి, పూర్తిగా మూసేసి ఉంటుంది. షీట్లో దానికే ఎక్కువ మార్కులు వచ్చాయి. మా టీములో ఒకతను లిథియం వెయ్యమన్నాడు, బరువు తక్కువట. బండి బరువు తగ్గించుకుని మేమేం రేసుకి పోవాలి? పైగా అవి రెండూ ఛార్జింగు విషయంలో గారాబంగా పెరిగిన పిల్లల్లాంటివి, వోల్టేజి కాస్త ఎక్కువైనా తట్టుకోవు. మా బండి ఆల్టర్నేటరేమో పాతకాలం మోటు మనిషి.

ఇక కంపెనీ సంగతి. బ్యాటరీ మాట ఎత్తితే కలకత్తా ఎక్సైడా, మన అమరాన్‌నా అని ఎవర్ని అడిగినా రెండు పార్టీలు. గల్లా రామచంద్ర నాయుడు అమెరికా నుంచి తిరిగొచ్చి 1985లో తిరుపతి దగ్గర పెట్టిన అమరరాజా కంపెనీదే అమరాన్. కాబట్టి సీమ వాడిగా నాకూ కొంచెం పక్షపాతం ఉంది, దాచను. కానీ నా మటుకు నాకు తేలిందేమిటంటే, చూడాల్సినవాటిలో కంపెనీ పేరు ఆఖరుది.

శనివారం తెల్లారేసరికి ఊళ్లో దిగాను. ట్రాక్టర్ సాయంతోనే కారు స్టార్ట్ చేసి, షీట్ ప్రింటు జేబులో పెట్టుకుని, పులివెందులలో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోయా. నాయన తిట్టొచ్చిన అంగడి కాదులెండి, అక్కడికి పోవడానికి మొహం చెల్లలేదు. ఈయన పెద్దాయన, అందరూ భాయ్ అని పిలుస్తారు. నా ప్రింటు వైపు చూడను కూడా చూడలేదు.

"బ్యాటరీ నేనే అమ్ముతా సార్, నాకేం. కడవకు బొక్క పెట్టుకొని ఇంకో పెద్ద కడవ తెస్తానంటే ఎట్ల?" అన్నాడు.

ఇంజను ఆపించి, తాళం చెవి తీయించి, తలుపులన్నీ వేయించి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి, ఆ మధ్యలో ఒక చిన్న బల్బు పెట్టాడు. ఏదీ పని చేయనప్పుడు బల్బు వెలగకూడదు. అది సన్నగా, ఎర్రగా వెలిగింది. నా మల్టీమీటర్ పెట్టి చూశా. 150 మిల్లీ ఆంప్స్.

చూడ్డానికి చిన్న అంకే. కానీ లెక్క వేయండి. గంటకి 0.15, రోజుకి 3.6 ఆంపియర్ అవర్స్. మా బ్యాటరీ 65. తొమ్మిది రోజుల్లో సగం, పద్దెనిమిది రోజుల్లో మొత్తం ఖాళీ. నేను వచ్చేదేమో నెలకోసారి! పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ ఖాళీగా ఎన్నాళ్లుంటే ప్లేట్ల మీద సల్ఫేటు అంత గట్టిగా పేరుకుంటుంది. తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పూర్తిగా కరగదు. అంటే మేము కొన్న బ్యాటరీలు చెడ్డవి కావు. మేమే వాటిని ఎండబెట్టి చంపాం. మెమరీ లీకున్న సర్వర్‌కి ర్యామ్ పెంచుకుంటూ పోవడమనేది ఆఫీసులో ఎవడైనా చేస్తే నేనే నవ్వుతా. ఇంట్లో నాలుగేళ్లుగా నేను చేసింది అదే.

భాయ్ ఒక్కొక్క ఫ్యూజూ పీకుతూ పోయాడు. ఐదోది పీకగానే బల్బు ఆరిపోయింది. పాటల పెట్టె. డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వైర్లు బయటికి లాగాడు. పసుపు వైరు, ఎరుపు వైరు కలిపి మెలేసి, పైన నల్ల టేపు చుట్టి ఉంది. పసుపు నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, ఎరుపు తాళం తిప్పితేనే వచ్చేది. రెండూ కలిపేస్తే తాళం లేకుండా కూడా పాటలు వస్తాయి. కానీ పెట్టె ఎప్పటికీ పూర్తిగా నిద్రపోదు.

"ఎవుడో తెలిసీ తెలీనోడు చేసినాడు సార్" అన్నాడు భాయ్.

ఆ తెలిసీ తెలియనోణ్ణి నేనే. 2016లో, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో రెండో సంవత్సరం చదివేటప్పుడు, కారు నీడన పెట్టుకుని ఫ్రెండ్స్‌తో పాటలు వినడానికి నా చేత్తో నేనే మెలేసిన వైర్లు అవి. టేపు కూడా నేను చుట్టిందే. నాయన రోజూ కారు తీసినన్నాళ్లూ ఆల్టర్నేటర్ ఆ నష్టాన్ని పూడుస్తూ వచ్చింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. కారు ఆగాకే అది బయటపడింది. నా కోడులో ఎనిమిదేళ్ల నాటి బగ్, శ్రావణమాసం రాత్రి రెండింటికి మా జేజి మీద పేలింది.

భాయ్‌తో ఏమీ అనలేదు. వైర్లు విడదీయించి, బ్యాటరీ గురించి అడిగా. ఆయన చెప్పినవి, నేను తర్వాత సరిచూసుకున్నవి కలిపి రాస్తున్నా, మీ ఇంట్లో పాత బండి ఉంటే పనికొస్తుంది.

ముందు ట్రే కొలుచుకోండి, ఎత్తు మరీ ముఖ్యం. బ్యాటరీ ఎత్తుగా ఉంటే టెర్మినళ్లు బానెట్‌కి తగిలి నిప్పురవ్వలు వస్తాయి. ప్లస్ ఏ పక్క ఉందో చూసుకోండి, పాత బండ్ల కేబుళ్లు పొట్టిగా ఉంటాయి, రెండో పక్కకి అందవు. ఇంజను కాస్త రేజ్ చేసి ఛార్జింగ్ వోల్టేజి కొలవండి. మాది 14.7 చూపించింది, మన ఎండలకి అది కొంచెం ఎక్కువే. అలాంటి బండిలో నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. అందుకే మూతలు విప్పి నీళ్లు పోసుకోగలిగే రకమే మేలన్నాడు భాయ్. పూర్తిగా సీలు వేసినదైతే లోపల ఎండిపోయినా పోయడానికి వీలుండదు. అలాగని బోరు నీళ్లు పోయకూడదు. మా ఊరి బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున సున్నం కట్టినట్టు తెల్లగా పేరుకుంటుంది. ఆ లవణాలు ప్లేట్లకి చేటు. డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఎంత పెద్దదైతే అంత మంచిదని ట్రాక్టర్ సైజుకి పోవద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా అని అసలే పెట్టొద్దు. అది మెల్లగా గంటలకొద్దీ ఇవ్వడానికి చేసింది, సెల్ఫ్ తిప్పడానికి కాదు. తయారీ తేదీ చూసి, అంగట్లో నెలల తరబడి దుమ్ము పట్టినది వద్దనండి. పాత బ్యాటరీ అక్కడే ఇచ్చేయండి. అందులో సీసం ఉంటుంది, పెరట్లో పడేయకూడదు. వెనక్కి తీసుకునే బాధ్యత 2001 నాటి రూల్స్ నుంచీ ఉంది, 2022లో కొత్త రూల్స్ కూడా వచ్చాయి.

చివరికి ఏం కొన్నానంటే, మూతలున్న మామూలు 65 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ. షీట్లో దానికి ఆఖరి నుంచి రెండో స్థానం. దాంతోపాటు లారీలకి వేసే కటాఫ్ స్విచ్ ఒకటి. బండి పెట్టేశాక దాన్ని తిప్పేస్తే ఒక్క మిల్లీ ఆంప్ కూడా కారదు. అయినా ఎండాకాలంలో బ్యాటరీ తనంతట తనే కొంత దిగిపోతుంది, కాబట్టి పదిహేను రోజులకోసారి ఒక అరగంట రోడ్డు మీద తిప్పాలి. ఇంటి ముందు స్టార్ట్ చేసి ఐదు నిముషాలకి ఆపేస్తే చాలదు.

రాత్రి అరుగు మీద నాయనకి అంతా చెప్పా. వైర్ల సంగతి కూడా. చెప్పకుండా ఉండొచ్చు, ఆ టేపు ఎవరు చుట్టారో ఆయనకి ఎప్పటికీ తెలిసేది కాదు. చెప్పేటప్పుడు ఆయన మొహం వైపు చూడలేకపోయా.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాలుగు దినాల ముందరే లైట్లు మబ్బుగా ఎలగతాంటే సూస్తి. సూసి ఊరకుంటి. అది నాది" అన్నాడు. కాసేపాగి, "అయితే ఆయప్ప బ్యాటరీలది తప్పు లేదన్నమాట" అన్నాడు.

"లేదు నాయనా."

"నలుగురి ముందర తిడితిని గదరా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కాంటెస్సాలోనే వెళ్లాం. నేను క్లచ్ తొక్కుతుంటే ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ అంగట్లో ఆదివారం పూట కూడా నలుగురున్నారు, అదీ మంచిదే అయింది. నాయన లోపలికి పోయి, "అబ్బయ్యా, తప్పు మాదే. మా పిల్లోడు వైర్లు కలిపినాడంట" అన్నాడు. అంగడాయన ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వి టీ తెప్పించాడు. టీ తాగుతూ నా వైపు చూసి, "సాఫ్ట్‌వేరా?" అని అడిగాడు. అవునన్నా. ఇంకేమీ అడగలేదు.

పదిహేను రోజులకోసారి బండి తిప్పే పని నాది. అందుకోసం ఇప్పుడు నెలకి రెండుసార్లు ఊరికి వెళ్తున్నా. జేజి ముందు సీట్లో కూర్చుంటుంది. పాటలు పెట్టమంటుంది. తాళం తిప్పి పెడతా.