పక్కనున్న ఫైలు పారెయ్యకండి

 

వేసవి సెలవుల్లో మేం కొంతమందిమి మా ఊళ్ళల్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని కోయ మాటలు రాసుకున్నాం. దుంపల పేర్లు, చెట్ల పేర్లు, చేపల పేర్లు. అన్నీ పాత ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి ఎక్కించాం. దానికి సర్వర్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, డేటా మొత్తం ఒకే ఫైలు. మన ఫోన్లలో కూడా ఉండేది అదే.

హాస్టల్‌కి వచ్చే రోజు, ప్రోగ్రాం నడుస్తుండగానే ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని బస్సెక్కాం. ఇక్కడ తెరిస్తే ఆఖరి రోజు రాసినవి ఒక్కటీ లేవు! ‘ప్రాగ్మా ఇంటెగ్రిటీ_చెక్’ కొడితే ‘ఓకే’ అంది. ఉన్నది పాడవలేదని చెప్తుంది గానీ, రానిదేంటో అది చెప్పదు కదా.

ఆ రోజు మాటలు చెప్పిన అవ్వ, మేం వచ్చిన పది రోజులకే చనిపోయింది. ఆ దుంపల పేర్లు ఇంకెవర్ని అడగాలి?

ఊళ్ళో తమ్ముడికి ఫోన్ చేసి ల్యాప్‌టాప్ చూడమన్నాం. “అన్నా, మన ఫైలు పక్కనే అదే పేరుతో, చివర ‘వాల్’ అని ఇంకోటుంది. చెత్త ఫైలేమో, తీసెయ్యనా?” అన్నాడు. “వద్దురా, ముట్టుకోకు!” అని అందరం ఒకేసారి అరిచాం.

సంగతేంటంటే, వేగం కోసం మేమే ‘వాల్’ పద్ధతి పెట్టాం. అందులో కొత్తగా రాసింది ముందు ఆ పక్క ఫైల్లోకి పోతుంది. మామూలుగా 1000 పేజీలు నిండాకో, ప్రోగ్రాం సరిగ్గా మూసినప్పుడో అసలు ఫైల్లో కలుస్తుంది. మేం ఆ రెండూ జరక్కముందే కాపీ చేశాం. తర్వాత చార్జింగ్ అయిపోయి ల్యాప్‌టాప్ దానంతటదే ఆగిపోయింది. అందుకే ఆ ఫైలు అలాగే మిగిలింది.

తమ్ముడు ప్రోగ్రాం తెరవకుండా ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇటొచ్చేవాళ్ళ చేత పంపాడు. ముందు దానికో నకలు తీసి పక్కన పెట్టాం. తర్వాత భయం భయంగానే తెరిచాం. అవ్వ చెప్పిన పేర్లన్నీ ఉన్నాయి. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మీలో కూడా చాలామంది మన మాటలు, పాటలు దాస్తున్నారు. నడుస్తున్న డేటాబేస్‌ను ఊరికే కాపీ కొట్టకండి. ‘.బ్యాకప్’ గానీ ‘వ్యాక్యూమ్ ఇంటూ’ గానీ వాడండి. తీసిన నకలు తెరిచి, ఆఖరున రాసిన మాట ఉందో లేదో చూసుకోండి. అది చూశాకే బస్సెక్కండి.

జోహార్!