మందును, చదువును

మేము సంస్కృతము చదివితిమి, ఆంగ్లము చదివితిమి. ఇరువది యేండ్లుగా రెండును పిల్లలకు చెప్పుచున్నాము. చరకసంహితలో ఉన్మాదమును గూర్చిన అధ్యాయములు మాకు క్రొత్తవి కావు. అయినను మా మేనకోడలికి జబ్బు చేసిననాడు ఈ చదువేదియు మాకు అక్కఱకు రాలేదు. ఆ సంగతి దాచక చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

ఆమె యెమ్మెస్సీ చదువుచుండెను. ఒక మాసమంతయు నిద్రలేకయే ఉత్సాహముతో తిరిగెను, గుక్కతిప్పుకొనక మాటలాడెను, ఉన్న సొమ్మంతయు పుస్తకములకును చీరలకును వెచ్చించెను. పిల్లకు తెలివి వికసించుచున్నదని మురిసితిమి. పిమ్మట మూడు మాసములు ఆమె మంచము దిగలేదు. మా చెల్లెలు తాయెత్తు కట్టించెను. మేము పరీక్షల భయమంటిమి. తాయెత్తునకును మా మాటకును భేదమేమి?

తుదకు మనోవైద్యునియొద్దకు గొనిపోయితిమి. ఆయన దీనిని బైపోలార్ వ్యాధి యని చెప్పి, మందుల మంచిచెడ్డలను ఆమెకే విడమఱచి చెప్పెను. వాల్‌ప్రొయేటు ఉద్రేకమును త్వరగా అణచును. కాని గర్భవతి వాడినచో శిశువు వెన్నునకును బుద్ధివికాసమునకును లోపము కలుగు ప్రమాదము మెండు. ఓలంజపీను నిద్రనిచ్చును, కాని ఒళ్లు పెరుగుటయు, రక్తములో చక్కెర పెరుగుటయు తఱచు. లిథియము పాత మందు. ఉద్రేకరోగులపై దాని గుణమును ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించెను. ఆత్మహత్యలను తగ్గించుటలో దానికి మంచి పేరు కలదు. అయితే మేలుచేయు మోతాదునకును విషమగు మోతాదునకును నడుమ ఎడము స్వల్పము. రక్తము, మూత్రపిండములు, థైరాయిడ్ తఱచు పరీక్షింపవలయును. గర్భకాలమున దానికిని కొంత ప్రమాదము కలదు గాని, వాల్‌ప్రొయేటుకంటె తక్కువ.

పరీక్షలకు మాటిమాటికి తిరిగినచో నలుగురును చూతురు, పెండ్లి చెడునని మా చెల్లెలు వెనుదీసెను. వైద్యుడే నిర్ణయించునుగాక యని మేము తప్పించుకొంటిమి. పిల్ల మాత్రము రెండు దినములు ఆలోచించి లిథియమును కోరెను, వైద్యుడు సమ్మతించెను.

ఎనిమిది నెలలు సుఖముగా గడచెను. ఆమె తిరిగి కళాశాలకు పోవుచుండెను. ఆ వేసవిలో జ్వరమును, ఒళ్లునొప్పులును వచ్చెను. మా మోకాళ్లకు వాడుకొను డైక్లోఫెనాక్ మాత్రలను మేమే పూటకొక్కటి చొప్పున ఇచ్చితిమి. మూడవనాడు ఆమె చేతులు వణకెను, వాంతులయ్యెను, నడక తూలెను. మేము వడదెబ్బ యనుకొని మజ్జిగ కలుపుచుండగా ఆమె తడబడు మాటలతో, “మామయ్యా, ఇది వడదెబ్బ కాదు, లిథియము ఎక్కువైనది. మీరిచ్చిన మాత్ర దానిని ఒంట్లోంచి పోనివ్వదు. ఆసుపత్రికి తీసుకుపొండి” అన్నది.

పరీక్షింపగా లీటరునకు 1.8 మిల్లీమోలు తేలెను. సాధారణముగా అది 0.6కును 1.0కిని నడుమ ఉండవలయును. మందు నాపి, సెలైనెక్కించి, నాలుగు దినములకు ఇంటికి పంపిరి. జ్వరమునకు పారాసిటమాల్ చాలునట! ఈ ముక్క వైద్యుడు మొదటిదినముననే ఇచ్చిన ఆంగ్ల కరపత్రములో నున్నది. ఆ కాగితము మా బల్లమీదనే పడియుండెను. మేము దానిపై కళ్లజోడు పెట్టుకొనుచుంటిమి.

2003లో బార్సిలోనా వైద్యులొక పరిశోధనమును ప్రకటించిరి. మందులు వాడుచున్న 120 మంది రోగులలో కొందఱికి వ్యాధి లక్షణములు, మందులు, నిద్ర క్రమము మొదలగువానిపై 21 పాఠములు చెప్పిరి; తక్కినవారు అన్నిసారులే కూడి ఊరక మాటలాడుకొనిరి. రెండేండ్లలో పాఠములు విన్నవారికి వ్యాధి తిరుగబెట్టుట తక్కువయ్యెను. మందు మానిపించి చదువు చెప్పలేదు; మందుతోపాటు చెప్పిరి. పాఠకులు ఈ భేదమును మఱవరాదు.

జబ్బుపిల్లకు చదువేల, మానిపింపుడని బంధువులు ఇప్పటికిని చెప్పుచున్నారు. ఆనాడు ఆమె ప్రాణమును కాపాడినది ఆమె చదువే గాని మాది కాదు.

ఆసుపత్రినుండి వచ్చి ఆమె చేసిన మొదటి పని ఆ కరపత్రమును తెలుగులో వ్రాసి వంటింటి గోడకు అంటించుట. ఆంగ్లము రాని మా చెల్లెలిప్పుడు ఎండ ముదిరినచో, “నీళ్లు తాగినావా? రక్తపరీక్ష ఎప్పుడు?” అని అడుగుచున్నది. మేమును కళ్లజోడు పెట్టుకొని ఆ కాగితమును మొదటినుండి తుదివఱకు చదివితిమి.