డిగ్రీ అయినంక అమీర్‌పేట ఖర్చు ఎవరి నెత్తిన?

పత్తి ఏరుడు నడుస్తున్నది, కూలీలు దొరుకుతలేరు. అయినా ఈ ముచ్చట మీకు చెప్పాలె.

పోయిన వారం మా అన్న బిడ్డను తోలుకొని అమీర్‌పేట పోయిన. పంజాగుట్టల నిమ్స్ దవాఖానకు పోయినోళ్లకు ఆ తొవ్వ ఎరుకే, మెట్రోల ఒక్క స్టేషన్ దూరం. మైత్రీవనం చుట్టూ గోడలు కనపడవు, అన్నీ బోర్డులే. ఒకప్పుడు ఒరాకిల్, డాట్ నెట్ అని ఉండె. ఇప్పుడు పైథాన్, డేటా సైన్స్, ఏఐ. బోర్డులు మారినయి గని మెట్ల మీద మన ఊర్ల పిల్లల వరుస మారలే.

బిడ్డ బీటెక్ పాసైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నుంచి ఉన్నది, కాదంటలేను. కానీ ర్యాంకు పదివేలు దాటిన బీసీ పిల్లలకు ఏడాదికి 35 వేల దాకానే అన్నరు. మిగిలింది మనమే కట్టినం. ఇప్పుడు మళ్లీ మూడు నెలల కోర్సు, హాస్టలు.

నాలుగేండ్లల్ల కాలేజి నేర్పనిది మీరు మూడు నెలల్ల ఎట్ల నేర్పుతరని అక్కడి సారునే అడిగిన. ఆయన పగలు కంపెనీల పనిచేసి సాయంత్రం పాఠం చెప్తడు. “కంపెనీ ఏం అడుగుతదో మాకు వెంటనే తెలుస్తది, కాలేజి సిలబస్ మారాలంటే ఏండ్లు పడ్తది” అన్నడు. లెక్కలు గట్టిగ రానోళ్లకు ఇక్కడిది కూడా నిలవదని ఆయనే చెప్పిండు. దుక్కి లేని చేన్ల విత్తనమే గద! అందుకే డిగ్రీ దండగ అనేటోళ్ల మాట నేను ఒప్పుకోను.

పెద్ద చదువులు ముందుముందు ఎట్లుండాల్నో పెద్దోళ్లు మాట్లాడుకుంటున్నరు. 2020ల వచ్చిన జాతీయ విద్యా విధానం ప్రకారం డిగ్రీల ఏడాదికే ఆపితే సర్టిఫికెట్, రెండేండ్లకు డిప్లొమా. చదివింది బ్యాంకుల పైసల లెక్క జమ ఉంటదట, మళ్లొచ్చి చేరొచ్చట. ఉన్నోళ్లకు అది సౌలతే. మనకాడ పత్తి దెబ్బతిన్న ఏడు చదువు ఆగేది ఎవరిదో మీకు తెల్వదా? ముందు ఆడపిల్లదే. మళ్లొచ్చి చేరేలోపు పెండ్లి చేసేస్తరు.

పని నేర్పుడు డిగ్రీ లోపలనే ఉండాలె, అది కాలేజి ఖర్చుల్నే కావాలె. ఈసారి వెబ్ ఆప్షన్లు పెట్టేముందు బిల్డింగు, బస్సు చూసి మురవకుండ్రి. కంపెనీల ఎన్ని నెలలు పని నేర్పిస్తరు, నెలకు ఎంతిస్తరు, పోయినేడు ఎవరెవరు పోయిన్రు అని అడుగుండ్రి. ఆ పిల్లల ఫోన్ నంబర్లు తీసుకొని మీరే మాట్లాడుండ్రి.