గూడెం గింజకు వాషింగ్టన్ చెక్కు

ఉట్నూరు దాటి జైనూరు దారి పట్టేసరికి ఎండ నెత్తికెక్కింది. మా జీపు డ్రైవరు బండి ఆపింది టీ కొట్టు దగ్గర కాదు, కానుగ చెట్టు కింద! ఆ నీడ చల్లదనం ఆయనకు తెలుసు. దిగగానే చెప్పుల కింద ఎండు కాయలు పటపటమన్నాయి. మేం వచ్చింది కూడా ఆ కాయల కోసమే.

కానుగ మనకు కొత్తేం కాదు. దాని పుల్లతో పళ్లు తోముకున్నాం. ఆకును పొలంలో ఎరువుగా తొక్కించాం. నూనెతో దీపాలు వెలిగించాం. కూరకు పనికిరాని చేదు నూనె అది. ఇంజిన్‌లో పోస్తే వంటింటికి లోటు రాదన్నమాట.

అలాంటి గింజ పేరు 2003లో వాషింగ్టన్ దాకా వెళ్లింది. పంపింది పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ గూడెం. అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్. అక్కడి మహిళా సంఘాలు మొక్కలు నాటాయి. ఐటీడీఏ ఇచ్చిన యంత్రంతో నూనె తీశాయి. కానుగ గానుగకెక్కిందన్నమాట! పదేళ్లలో డీజిల్‌కు బదులు 51 టన్నుల కానుగ నూనె వాడితే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టారు. ఆ తగ్గుదలను ప్రపంచబ్యాంకు కొనుక్కుంది... తన సదస్సు వల్ల గాల్లో కలిసే పొగకు పరిహారంగా. చెక్కు మొత్తం 645 డాలర్లు. అంటే దాదాపు 30 వేల రూపాయలు. సూట్లేసుకున్నవాళ్ల పొగను కడిగింది మన గూడెం ఆడవాళ్లే!

''మరి నా బండ్లో పోస్తే నడుస్తదా సార్?'' డ్రైవరు సందేహం.

నడుస్తుంది. 1900లోనే పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఇదే ఆదిలాబాద్‌లో మరో గూడెం కానుగ నూనెతో జనరేటరు తిప్పి బల్బులు వెలిగించుకుంది. కానీ పచ్చి నూనె చిక్కన. రోజూ పోస్తే ఇంజెక్టర్లకు మసి పట్టి మూసుకుపోతాయి. అందుకే దాన్ని మిథనాల్, కాస్టిక్ సోడాతో కలిపి వేడిచేస్తారు. గ్లిజరిన్ అడుక్కి దిగుతుంది. పైన తేలేదే బయోడీజిల్. వంద లీటర్లలో ఇరవై దాకా ఇది కలిపితే మామూలు ఇంజిన్లు పెద్దగా మారాం చేయవు. కాకపోతే మొదట్లో ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డినంతా ఊడగొట్టి ఫిల్టర్లోకి తోస్తుంది. ఫిల్టరు మార్చుకోవాల్సిందే. పాత బండ్ల రబ్బరు పైపులు మెత్తబడతాయి. నిల్వ ఉంచితే పాడవుతుంది కనుక యాంటీ ఆక్సిడెంట్లు కలపాలి.

ఇవన్నీ మెకానిక్ తీర్చే తంటాలే. అసలు తంటా గింజ దగ్గరుంది. లీటరు నూనెకు దాదాపు నాలుగు కిలోల గింజలు కావాలి. నాటిన చెట్టు కాపుకు రావడానికే అయిదారేళ్లు. ఎండలో వంగి ఏరాలి, పొట్టు కొట్టాలి, ఎండబెట్టాలి. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ విధానం లక్ష్యం పెట్టింది. ఆ కాగితం మీద ఈ నడుంనొప్పి ఎక్కడా కనిపించదు.

చెట్టుకింద గింజలేరుతున్న అవ్వకు కబురంతా చెప్పాం. డ్రైవరు వేళ్లు మడిచి లెక్కేశాడు. ఆదిలాబాద్ దాకా 80 కిలోమీటర్లు, లీటరుకు పన్నెండు... పాతిక కిలోల పైమాటే. అవ్వ తన గంపలోకి చూసుకుంది.

''పొద్దుగాల నుంచి ఏరితే గిన్నే అయినయ్ బిడ్డా. మీరు డీజిలే పోసుకొని పోండ్రి.''