లక్సరునకు గ్రహణయాత్ర

2027వ సంవత్సరము ఆగష్టు 2వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవింపనున్నది. చంద్రుని నీడ అట్లాంటికు సముద్రమున బయలుదేరి, స్పెయిను దేశపు దక్షిణపుటంచును, ఉత్తరాఫ్రికాను దాటి, ఈజిప్టుమీదుగా మక్కా, జెడ్డా నగరములను కప్పి సాగిపోవును. ఈజిప్టులోని లక్సరు పట్టణపు చేరువను సూర్యుడు 6 నిమిషముల 23 సెకండ్లు పూర్తిగా మరుగుపడును. ఇంతటి దీర్ఘకాలపు గ్రహణము మరల 2114 వరకు లేదు. దీనిని చూచుటకు మా యింటి స్త్రీలము మువ్వురము, అత్తగారును కోడండ్రమిద్దరమును, పోవ నిశ్చయించుకొంటిమి.

బంధువులు పలువిధముల ఆక్షేపించిరి. 2034 మార్చి 20వ తేదీన మన లదాఖులోనే సంపూర్ణగ్రహణ మగును గదా, ఆగష్టు ఎండలలో ఎడారికి పోనేల యనిరి. మార్చిలో ఆ కొండలు మంచుతో నిండియుండును. త్రోవలు తెరచియుండునో లేదో, మబ్బు విడునో విడదో! అంతకన్న ముఖ్యము, అప్పటికి మా అత్తగారికి డెబ్బదియైదేండ్లు నిండును.

మబ్బు మాట ఊరక యన్నది కాదు. గ్రహణములకును వంశములు గలవు. ఒకటి జరిగిన 18 సంవత్సరముల 11 దినములకు దానిని బోలిన మరియొకటి వచ్చును. ఆ పైన మరి ఎనిమిది గంటలు మిగులుటచే, ఆ వ్యవధిలో భూమి మూడవవంతు తిరిగి, నీడ పడమటి దేశములకు జరుగును. 2009 జులై 22న సూరతునుండి పాట్నావరకు పడిన నీడకు ఈ 2027 నాటిది తోబుట్టువు. ఆనాడు బీహారులోని తారేగ్నాలో వేలకొలది జనము కూడిరి. వానకారు మేఘములు సూర్యుని కాననీయలేదు. చీకటి పడినది, తెల్లవారినది, అంతియే. లక్సరులో ఆగష్టున వాన యనునదే లేదు. ఎండ మాత్రము నలువది డిగ్రీలు దాటును.

కైరోలో దిగి అచ్చటనే చూడరాదా యని మా మరిది యడిగెను. కైరో సంపూర్ణచ్ఛాయకు వెలుపల నున్నది. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు మూసికొన్నను పగలు పగలే. ఆ తుదిపాలు కప్పబడినగాని కిరీటము వంటి తెల్లని వెలుగు కానరాదు. ఇది తెలియక దగ్గరి యూరిలో ఆగిపోవువారు పెక్కురు గలరు.

గ్రహణయాత్రికులు మన తెలుగుదేశమునకు క్రొత్తవారు కారు. 1868 ఆగష్టు 18న ఫ్రాన్సు దేశపు జాన్సెను గుంటూరునకు వచ్చి సూర్యుని అంచున ఎగయు జ్వాలలను పరీక్షించెను. నాటి పరిశీలనలలో కనబడిన పసుపుపచ్చని గీతయే పిమ్మట హీలియమను మూలపదార్థమునకు జాడ యయ్యెను. దొరలు సముద్రములు దాటి మన యూరికి వచ్చి చూచిరి. మన యింటివారు తలుపులు బిగించుకొనిరి.

మా అత్తగారి సంగతియు నదియే. 1980 ఫిబ్రవరి 16న నల్లగొండ ప్రాంతమున రెండు నిమిషములకు పైగా సూర్యుడు మరుగుపడినపుడు ఆమె యచ్చటనే యున్నది. మా పెద్ద బావగారు కడుపులో నుండుటచే, గ్రహణపు మొర్రి వచ్చునను భయముతో పెద్దలామెను చీకటి గదిలో పరుండబెట్టిరి. కదలరాదు, గోకుకొనరాదు. తలుపు సందున పడిన వెలుగుగీత నేలమీద ఆరిపోయి మరల వెలుగుట మాత్రము చూచినదట. కాకులు గూళ్ళకు చేరినవట. పళ్ళెములో నీరుపోసి నిలిపిన రోకలిని అందరును పోయి చూచి వచ్చిరట. మొర్రికిని గ్రహణమునకును సంబంధము లేదని వైద్యులందురు; పేరు మాత్రము నిలిచిపోయినది. రోకలియు, అడుగు సమముగా నున్నచో, ఏ దినమునను నిలుచును.

సిద్ధపాటునకు వత్తము. సూర్యుడప్పుడు నడినెత్తికి చేరువను ఉండును గావున తలయెత్తి చూచిన మెడ నొచ్చును. చాపలమీద వెల్లకిల పరుండుటయే మేలు. పేడనీళ్ళలో నీడ చూచుటయు, ఎక్సురే ఫిలిముగుండ చూచుటయు కన్నులకు హాని. ఐ.ఎస్.ఓ. 12312-2 గుర్తుగల అద్దములే తెప్పించితిమి. పంచాంగములో స్పర్శ, నిమీలనము, ఉన్మీలనము, మోక్షము అని వ్రాయుదురు. నిమీలనము మొదలు ఉన్మీలనము వరకు మాత్రమే అద్దములు తీసి చూడవచ్చును. ఫోటోలు తీయరాదని మువ్వురము ఒడంబడిక చేసికొంటిమి.

పులిహోర ఆ వేడికి నిలువదు. అటుకులు, సున్నియుండలు, కారప్పొడి కట్టుకొనుచున్నాము. అత్తగారు విడుపుస్నానము నైలునదిలో చేసెదననిరి. ఆ నీటిలో చర్మముగుండ దేహమున చొచ్చు పురుగులుండునని వైద్యుడు వారించెను. బసలోని కుళాయినీటికి ఎట్టకేలకు ఒప్పుకొనిరి. ఇక వారి పాస్‌పోర్టు. పుట్టినతేది ఒక కాగితమున ఒకటి, మరియొకదానిలో వేరొకటి. ఆ చిక్కు తీరుటకు నాలుగు నెలలు పట్టినది.

బసవారు ఆ వారమునకు మామూలు అద్దెకు అయిదింతలు అడిగిరి. నది పడమటి గట్టున చిన్నయిల్లు కుదుర్చుకొని బయానా పంపితిమి. విమానపు టిక్కెట్లకు పైకము చాలలేదు. వీధిలోని స్త్రీలతో వేసిన చీటి యొకటి గలదు. మాఘమాసపు పాట ఎంతకు పోయినను మేమే పాడుకొనదలచితిమి.