చెవి గోక్కోని రైజు

పోయిన శనివారం రాత్రి డాలస్‌లో మా ఇంట్లోనే పోకర్. అందరూ ముక్కలు పడేశాక నేనూ, మావారూ మిగిలాం. నా దగ్గర రెండు జతలు. మధ్యలో 20 డాలర్లు. ఐదో ముక్క, అదే రివర్, పడగానే నేను 10 పెట్టాను. ఆయన 30కి పెంచారు!

ఇంకో 20 కడితే మొత్తం 80. నాలుగుసార్లలో ఒక్కసారి నెగ్గినా నష్టం లేదు. లెక్కేమో కాల్ చెయ్యమంటోంది. కానీ ఆఖర్లో పెంచేవాళ్ల దగ్గర మామూలుగా సరుకుంటుంది. పైగా పదిహేడేళ్లుగా చూస్తున్నాను, అబద్ధమాడితే ఈయన చెవి గోక్కుంటారు. గోక్కోలేదు. పడేశాను.

నవ్వుతూ తిప్పి చూపించారు. ఉత్త ముక్కలు!

"నా చెవి సంగతి నువ్వు కనిపెట్టావని నాకెప్పుడో తెలుసోయ్" అన్నారు.

డబ్బుదేముంది, ఇంట్లోదే. మరి ఇన్నేళ్లూ చెవి ముట్టుకోకుండా చెప్పినవన్నీ?